బిగువు నుంచి ఫాస్ఫేట్ దాకా: కణవిభజనలో క్రోమోజోముల బంధాన్ని నియంత్రించే ఫాస్ఫారిలేషన్ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కణం రెండుగా విడిపోయేటప్పుడు ప్రతి క్రోమోజోముకు చెందిన రెండు ప్రతులూ రెండు వ్యతిరేక ధ్రువాలకు బంధింపబడాలి. ఆ బంధం తప్పితే పిల్లకణాలకు క్రోమోజోములు తక్కువగానో ఎక్కువగానో చేరుతాయి. తప్పు బంధాన్ని కణం ఎలా పసిగడుతుంది, ఎలా సరిదిద్దుతుంది అన్న ప్రశ్నకు సమాధానం రెండు వేర్వేరు పరిశోధనా సంప్రదాయాల నుంచి వచ్చింది. ఒకటి సూక్ష్మదర్శిని కింద సన్నని సూదితో క్రోమోజోములను కదిలించిన కణశాస్త్రం. రెండవది ప్రోటీన్లకు ఫాస్ఫేట్ చేరడాన్నీ తొలగడాన్నీ అధ్యయనం చేసిన జీవరసాయనశాస్త్రం. 1882 నుంచి 2013 వరకు సాగిన ఈ చరిత్రలోని ముఖ్య ఘట్టాలను పరిశీలించి, యాంత్రికమైన బిగువు రసాయన సంకేతంగా మారుతుందన్న అవగాహన ఎలా రూపుదిద్దుకొన్నదో, అందులో ఏ అంశాలు ఇంకా వివాదంలో ఉన్నాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కణవిభజన, క్రోమోజోము, కైనెటోకోర్, సూక్ష్మనాళిక, ఫాస్ఫారిలేషన్, ఆరోరా-బి, బిగువు.

1. ఉపోద్ఘాతం:

మానవ కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. విభజనకు ముందే ప్రతి క్రోమోజోమూ తన ప్రతిని తయారు చేసుకొంటుంది. ఇలా ఏర్పడిన రెండు ప్రతులను సోదర క్రోమాటిడ్లు అంటారు. ఇవి ఒకదానితో ఒకటి అతుక్కొని ఉంటాయి. క్రోమోజోము మీద నొక్కు వంటి భాగాన్ని సెంట్రోమియర్ అంటారు. అక్కడ ఒక్కో క్రోమాటిడ్ మీద ఒక్కో కైనెటోకోర్ అనే ప్రోటీన్ల సముదాయం నిర్మితమవుతుంది. కణం రెండు ధ్రువాల నుంచి బయలుదేరిన సూక్ష్మనాళికలు ఈ కైనెటోకోర్లను పట్టుకొంటాయి. సూక్ష్మనాళికలతో ఏర్పడే ఈ మొత్తం నిర్మాణం నేతగాడి కండెలా నడుమ లావుగా, కొనలు సన్నగా ఉంటుంది. తెలుగు పాఠ్యగ్రంథాలు దీనికి ‘కండె’ అనే పేరే వాడుతున్నాయి.

ఈ లెక్కన విభజన దశలోని మానవ కణంలో 92 కైనెటోకోర్లు ఉంటాయి. ఒక్కో కైనెటోకోర్‌కు దాదాపు 15 నుంచి 20 సూక్ష్మనాళికలు అతుక్కొంటాయి. సోదర క్రోమాటిడ్లలో ఒకటి ఒక ధ్రువానికి, రెండవది దాని ఎదుటి ధ్రువానికి బంధింపబడితే అది సరైన బంధం. దీన్ని ద్విధ్రువ బంధం అనవచ్చు. కాని మొదట్లో సూక్ష్మనాళికకూ కైనెటోకోర్‌కూ కలిగే స్పర్శ చాలావరకు యాదృచ్ఛికం. అందువల్ల పొరపాట్లు తప్పవు. ఒక్కోసారి రెండు సోదర క్రోమాటిడ్లూ ఒకే ధ్రువానికి బంధింపబడతాయి. ఇది ఏకధ్రువ బంధం. ఒక్కోసారి ఒకే కైనెటోకోర్‌ను రెండు ధ్రువాల సూక్ష్మనాళికలూ పట్టుకొని చెరోవైపు లాగుతాయి. ఇది మిశ్రమ బంధం.

ఈ పొరపాట్ల పర్యవసానం చిన్నది కాదు. మనిషి కణంలో క్రోమోజోముల సంఖ్య 46 అని 1956లో జో హిన్ త్జియో, ఆల్బర్ట్ లెవాన్ నిర్ధారించారు. మూడేళ్ళ తరువాత, 1959లో, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఒక చిన్న క్రోమోజోము అదనంగా ఉన్నట్లు జెరోమ్ లెజ్యూన్ బృందం ప్రకటించింది. క్రోమోజోముల పంపకంలో ఒక్క తప్పు ఒక జీవితమంతటినీ ప్రభావితం చేయగలదని దీనితో స్పష్టమైంది.

కణానికి కన్ను లేదు. ఏ సూక్ష్మనాళిక ఏ ధ్రువం నుంచి వచ్చిందో చూసి చెప్పే సాధనం దానికి లేదు. అటువంటప్పుడు 46 జంటలలో ఏది సరిగా బంధింపబడిందో, ఏది బంధింపబడలేదో దానికి ఎలా తెలుస్తుంది? కణం సరైన బంధాన్ని వెదికి ఎంచుకోదు. బిగువు లేని బంధాలను పదేపదే విప్పుతుంది, బిగువు ఉన్నవాటిని ఉండనిస్తుంది. ఈ విప్పే పనికి సాధనం ప్రోటీన్లకు చేరే ఫాస్ఫేట్. ఈ అవగాహన ఏర్పడడానికి శతాబ్దానికి పైగా పట్టింది. ఆ ఆలస్యానికి కారణం ప్రశ్న ఒక శాస్త్రశాఖలో, సమాధానానికి కావలసిన సాధనం మరొక శాఖలో పెరగడమే.

2. కంటికి కనిపించిన కండె (1882-1966):

జర్మనీలోని కీల్ నగరంలో పనిచేసిన వాల్టర్ ఫ్లెమింగ్ సాలమాండర్ లార్వాల కణాలకు రంగులద్ది పరిశీలించి, కణవిభజనలోని దశలను క్రమబద్ధంగా వర్ణించాడు. 1882లో వెలువడిన తన గ్రంథంలో ఈ ప్రక్రియకు ‘మైటోసిస్’ అని పేరు పెట్టాడు. ‘క్రోమోజోము’ అన్న పేరు 1888లో విల్హెల్మ్ వాల్డేయర్ పెట్టినది. 1902లో థియోడర్ బొవెరి సముద్రపు అర్చిన్ గుడ్లను రెండు శుక్రకణాలతో ఫలదీకరణ చెందించి, పిల్లకణాలకు క్రోమోజోములు అస్తవ్యస్తంగా చేరితే పిండం సరిగా ఎదగదని చూపించాడు. పంపకంలో తప్పుకు మూల్యం ఉంటుందని ప్రయోగపూర్వకంగా చెప్పిన తొలి పరిశోధన ఇది. 1914లో ఆయనే ప్రాణాంతకమైన కణుతులకు మూలం క్రోమోజోముల అసమతౌల్యంలో ఉండవచ్చునని ప్రతిపాదించాడు.

అయితే ఈ పరిశీలనలలో చాలావరకు చంపి రంగులద్దిన కణాల మీద జరిగినవే. కండెలోని పోగులు సజీవ కణంలో నిజంగా ఉన్నాయా, లేక రసాయనాల వల్ల ఏర్పడిన భ్రమా అన్న సందేహం అర్ధశతాబ్దం పాటు వెంటాడింది. 1953లో షిన్యా ఇనోఉయే తాను మెరుగుపరచిన ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినితో బతికి ఉన్న కణాలలోనే కండె పోగులను చూపించి ఆ సందేహాన్ని తీర్చాడు. 1966లో బ్రింక్లీ, స్టబుల్‌ఫీల్డ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో కైనెటోకోర్ నిర్మాణాన్ని విశదపరిచారు. క్రోమోజోము పోగును పట్టుకొనే చోటు ఏదో దీనితో తెలిసింది. ఆ పట్టు సరైనదని ఎలా తేలుతుందన్నది మాత్రం తెలియలేదు.

3. మిడత కణంలో సూది (1958-1969):

సరైన బంధానికీ తప్పు బంధానికీ భేదం బిగువులో ఉండవచ్చునన్న ఊహను 1958లో జర్మన్ శాస్త్రవేత్త ఆర్. డీట్జ్ ముందుకు తెచ్చాడు. జంటగా అతుక్కొని ఉన్నవాటిని రెండు వ్యతిరేక దిశల నుంచి లాగితే నడుమ బిగువు పుడుతుంది. రెండూ ఒకే దిక్కుకు లాగబడితే బిగువు ఉండదు. తాడుకు రెండు కొసలా మనుషులుంటేనే తాడు బిగుస్తుంది. ఇద్దరూ ఒకే కొస పట్టుకొంటే అది వదులుగానే ఉంటుంది. కణం తెలుసుకొనేది దిక్కును కాదు, ఈ బిగువునే అన్నది ఆ ఊహ సారాంశం.

ఈ ఊహను పరీక్షించినవారు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆర్. బ్రూస్ నిక్లస్, సి.ఎ. కోచ్. వారు మిడతల వృషణాలలో క్షయకరణ విభజన జరుపుకొంటున్న కణాలను ఎంచుకొన్నారు. క్షయకరణ విభజన తొలి దశలో విడిపోయేవి సోదర క్రోమాటిడ్లు కావు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన సజాతీయ క్రోమోజోములు. అయినా రెండూ చెరొక ధ్రువానికి బంధింపబడవలసిన అవసరం అక్కడా ఒకటే. పైగా మిడత క్రోమోజోములు పెద్దవి, సూదికి అందేవి.

అతి సన్నని గాజు సూదితో వారు ఒక క్రోమోజోము జంటను కండె నుంచి వేరుచేసి, రెండూ ఒకే ధ్రువానికి బంధింపబడేలా చేశారు. ఇలాంటి తప్పు బంధం ఎక్కువసేపు నిలవలేదు. క్రోమోజోములు పట్టు వదిలి, తిరిగి పట్టుకొని, చివరికి సరైన అమరికకు చేరుకొన్నాయి. తరువాత అదే విధమైన తప్పు బంధాన్ని కల్పించి, ఈసారి సూదితోనే క్రోమోజోమును ధ్రువానికి ఎదురుదిశలో లాగి పట్టుకొన్నారు. అప్పుడు ఆ తప్పు బంధం స్థిరంగా నిలిచింది. సూది లాగడం మానగానే మళ్ళీ సవరణ మొదలయింది. 1969లో ప్రచురితమైన ఈ పరిశోధన కణాన్ని మోసగించవచ్చునని నిరూపించింది. బిగువు ఉన్నంతసేపు తప్పు కూడా కణానికి ఒప్పుగానే తోస్తుంది.

కణశాస్త్ర చరిత్రలో ఇది నిర్ణాయకమైన ప్రయోగం. అయినా దాని నుంచి ఉత్పన్నమైన ప్రశ్నకు దాదాపు పాతికేళ్ళ దాకా సమాధానం దొరకలేదు. లాగుడు అన్నది యాంత్రిక బలం. పట్టు వదలడం, నిలవడం అణువుల మధ్య జరిగే రసాయన వ్యవహారం. ఒకటి రెండవదానిగా ఎలా మారుతుంది? సూదితో ఈ ప్రశ్న వేయడం సాధ్యమైంది. జవాబు చెప్పడానికి సూది చాలలేదు.

4. ఫాస్ఫేట్ చరిత్ర (1925-1984):

జవాబుకు కావలసిన రసాయనం మరొక శాఖలో, కండరాల అధ్యయనంలో, రూపొందుతూ వచ్చింది. ఈ కథలో తెలుగువారికి సన్నిహితమైన పేరు ఒకటి ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలసి పనిచేశాడు. ద్రావణంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి లెక్కకట్టే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రచురించారు. ఆ పద్ధతి ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా ప్రయోగశాలలలో స్థిరపడింది. ఆ కొలమానం ఆసరాతోనే వారు 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఆ రెండవ పదార్థాన్ని కనుగొన్నాడు. క్లుప్తంగా ఏటీపీ అని పిలిచే ఈ అణువే కణంలో ప్రోటీన్లకు ఫాస్ఫేట్‌ను అందించే ప్రధాన దాత. సుబ్బారావు కాలానికి ఆ సంబంధం ఎవరికీ తెలియదు. ఏటీపీని శక్తివాహకంగానే చూసేవారు.

ప్రోటీన్లలో ఫాస్ఫేట్ ఉంటుందన్న సంగతి పాతదే. గుడ్డుసొనలోని విటెలిన్ అనే ప్రోటీన్ నుంచి ఫాస్ఫేట్‌తో కూడిన సెరీన్‌ను 1932లో ఫ్రిట్జ్ లిప్మన్, ఫీబస్ లెవీన్ వేరుచేశారు. ఆ ఫాస్ఫేట్ ఒక నియంత్రణ సాధనమని తెలియడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1955లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరంలోని ఫాస్ఫారిలేజ్ అనే ఎంజైమ్ నిష్క్రియ రూపం నుంచి క్రియాశీల రూపానికి మారడానికి ఏటీపీ అవసరమని చూపించారు. ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ వచ్చి ఎంజైమ్‌కు చేరితే అది పనిచేస్తుంది, తొలగితే ఆగుతుంది. చేర్చే ఎంజైమ్‌ను కైనేజ్ అనీ, తొలగించేదాన్ని ఫాస్ఫటేజ్ అనీ అంటారు. చేర్చడాన్నే ఫాస్ఫారిలేషన్ అంటారు. ఈ పరిశోధనకు వారిద్దరికీ 1992లో నోబెల్ పురస్కారం లభించింది.

ఈ రసాయనం కణవిభజన అధ్యయనంలోకి ప్రవేశించడానికి దారితీసిన కృషిలోనూ తెలుగు పేరు ఒకటి కనిపిస్తుంది. పోతు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్ 1970లో విభజన దశలో ఉన్న మానవ కణాన్ని, విభజన మొదలుకాని కణంతో సంలీనం చేశారు. ఆ రెండవ కణంలోని క్రోమోజోములు అకాలంగా దట్టమై విభజనకు సిద్ధపడ్డాయి. విభజించే కణంలో ప్రసరించగల కారకం ఏదో ఉందని దీనితో తేలింది. తరువాతి కాలంలో ఆ కారకం సారం ఒక కైనేజ్ అని రుజువయింది. 1983లో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రిలో రావు బృందం విభజన దశ కణాలను మాత్రమే గుర్తించే ప్రతిరక్షకాన్ని తయారు చేసింది. ‘ఎంపీఎం-2’ అనే ఆ ప్రతిరక్షకం గుర్తించేది ఫాస్ఫేట్ చేరిన ప్రోటీన్లను. 1984లో గ్యారీ బోరిసీ బృందంతో కలసి జరిపిన అధ్యయనంలో అది కండె ధ్రువాలతోపాటు కైనెటోకోర్లకు కూడా అంటుకొన్నట్లు తేలింది. కైనెటోకోర్ దగ్గర ఫాస్ఫేట్ ఉన్నదని నేరుగా తెలిపిన తొలి ఆధారాలలో ఇది ఒకటి. రెండు శాఖల దారులు కలిసే చోటు ఏదో ఇక్కడ తొలిసారి సూచనప్రాయంగా కనిపించింది.

5. బిగువు తగ్గితే ఫాస్ఫేట్ (1991-1995):

1991లో ఈస్ట్ కణాలపై రెండు బృందాలు చేసిన పరిశోధనలు కణంలో ఒక తనిఖీ వ్యవస్థ ఉన్నదని చాటాయి. ఆండ్రూ హోయ్ట్ బృందం ‘బబ్’ జన్యువులను, రాంగ్ లీ, ఆండ్రూ మర్రే ‘మ్యాడ్’ జన్యువులను ప్రకటించారు. ఈ జన్యువులు దెబ్బతిన్న కణాలు కండె సరిగా లేకపోయినా ఆగకుండా విభజన కొనసాగించి నశిస్తాయి. ఆరోగ్యమైన కణం మాత్రం చివరి క్రోమోజోము కుదురుకొనే వరకు వేచి ఉంటుంది.

1993లో గ్యారీ గోర్బ్‌స్కీ, విలియం రికెట్స్ ‘3ఎఫ్3/2’ అనే మరొక ప్రతిరక్షకాన్ని వాడి ఆసక్తికరమైన విషయం గమనించారు. అది కూడా ఫాస్ఫేట్ చేరిన రూపాన్నే గుర్తిస్తుంది. ఇంకా వరుసలో కుదురుకోని క్రోమోజోముల కైనెటోకోర్ల వద్ద అది కాంతివంతంగా మెరిసింది. కుదురుకొన్నవాటి వద్ద మసకబారింది. దీనిని ఆధారం చేసుకొని నిక్లస్, సుజాన్ వార్డ్, గోర్బ్‌స్కీ 1995లో పాత సూదినీ కొత్త ప్రతిరక్షకాన్నీ ఒకే ప్రయోగంలోకి తెచ్చారు. మిడత కణంలో సూదితో బిగువు కల్పిస్తే కైనెటోకోర్ వద్ద ఫాస్ఫేట్ సంకేతం క్షీణించింది. బిగువు తొలగిస్తే తిరిగి వచ్చింది. 1969 నాటి ప్రశ్నకు తొలి రసాయనిక సమాధానం ఇదే. కైనెటోకోర్ రసాయన స్థితి దానిమీద పడే బలాన్ని బట్టి మారుతుంది.

అదే ఏడాది సమాంతరంగా వెలువడిన రెండు ప్రయోగాలు ఒక వివాదానికి తెరలేపాయి. లీ, నిక్లస్ కలసి మాంటిస్ అనే కీటకం కణాలలో జంట దొరకని క్రోమోజోమును సూదితో లాగారు. అంతవరకు వేచి ఉన్న కణం ఆ బిగువుతోనే ముందుకు సాగింది. అంటే తనిఖీ వ్యవస్థ గమనించేది బిగువునే. కాని కాంక్లీ రీడర్ బృందం క్షీరద కణంలో, ఇంకా బంధింపబడని చివరి కైనెటోకోర్‌ను లేజర్‌తో ధ్వంసం చేసింది. దాని సోదరి మీద అప్పుడు బిగువు ఉండే అవకాశం లేదు. అయినా కణం చలనదశలోకి ప్రవేశించింది. అంటే తనిఖీ వ్యవస్థకు కావలసింది కేవలం బంధం, బిగువు కాదు. రెండు ప్రయోగాలూ నిర్దుష్టమైనవే. అవి చెప్పింది మాత్రం భిన్నంగా ఉంది.

6. ఈస్ట్ నుంచి వచ్చిన కైనేజ్ (1993-2004):

బిగువు లేనిచోట బంధాన్ని విప్పే కైనేజ్ ఏది? ఈ ప్రశ్నకు సమాధానం సూదికి అందనంత చిన్నవైన ఈస్ట్ క్రోమోజోముల నుంచి వచ్చింది. రొట్టెల పిండిని పొంగించే ఈ ఈస్ట్‌లో 16 క్రోమోజోములు ఉంటాయి. ఒక్కో కైనెటోకోర్‌కు ఒకే సూక్ష్మనాళిక బంధింపబడుతుంది. 1993లో క్లారెన్స్ చాన్, డేవిడ్ బోట్‌స్టీన్ క్రోమోజోముల సంఖ్య పెరిగిపోయే ఈస్ట్ ఉత్పరివర్తకాలను వేరుచేశారు. వాటిలో ఒకటి ‘ఐపీఎల్-1’. 1994లో చాన్ బృందమే ఆ జన్యువు ఒక కైనేజ్‌కు సంకేతమనీ, దానికి ఎదురుగా పనిచేసేది ‘పీపీ-1’ రకపు ఫాస్ఫటేజ్ అనీ తెలియజేసింది. కైనేజ్, ఫాస్ఫటేజ్ ఈ కథలో మొదటి నుంచీ జంటగానే కనిపించడం గమనార్హం.

1995లో డేవిడ్ గ్లోవర్ బృందం డ్రోసోఫిలా ఈగలో ఇదే కుటుంబానికి చెందిన కైనేజ్‌ను గుర్తించింది. అది దెబ్బతిన్న కణాలలో కండెకు రెండు ధ్రువాలకు బదులు ఒకటే ఏర్పడుతుంది. ధ్రువప్రాంతాల ఆకాశంలో కనిపించే వెలుగును తలపించేలా దానికి ‘ఆరోరా’ అని పేరు పెట్టారు. మనిషిలో ఈ కుటుంబానికి చెందినవి మూడు ఉన్నాయి. వాటిలో ఆరోరా-బి ఐపీఎల్-1కు దీటైన పని చేస్తుంది. 1987లో కుక్, హెక్, ఎర్న్‌షా గుర్తించిన ‘ఇన్సెన్‌ప్’ అనే ప్రోటీన్ దానికి తోడుగా ఉంటుందని 2000లో తెలిసింది. సర్వైవిన్, బొరియాలిన్ అనే మరో రెండు ప్రోటీన్లు చేరి ఈ నలుగురి బృందం సోదర కైనెటోకోర్ల నడుమ సెంట్రోమియర్ వద్ద స్థానం పొందుతుంది. చలనదశ మొదలుకాగానే అక్కడి నుంచి కండె నడిమికి తరలిపోతుంది. అందుకే ఈ ప్రోటీన్లకు ప్రయాణికులు అన్న పేరు వచ్చింది.

1999లో స్యూ బిగిన్స్, ఆండ్రూ మర్రే తదితరులు ఐపీఎల్-1 కైనెటోకోర్‌కూ సూక్ష్మనాళికకూ మధ్య బంధాన్ని నియంత్రిస్తుందని చూపించారు. 2002లో తొమోయుకి తనాక, కిమ్ నాస్మిత్ బృందం మరింత నిశితమైన సాక్ష్యం తెచ్చింది. ఐపీఎల్-1 పనిచేయని ఈస్ట్‌లో సోదర క్రోమాటిడ్లు రెండూ ఎక్కువగా పాత ధ్రువానికే అతుక్కొని ఉండిపోయాయి. బంధం ఏర్పడడంలో లోపం లేదు. తప్పు బంధాన్ని విప్పి మరో అవకాశం ఇవ్వడంలో లోపం ఉంది. కైనేజ్ పని కట్టడం కాదు, విప్పడం. ఈ అవగాహన ఆ పరిశోధన ముఖ్యఫలితం. 2004లో తనాక బృందం రెండు సెంట్రోమియర్లు ఉన్న కృత్రిమ చిన్న క్రోమోజోమును తయారుచేసి, సోదర క్రోమాటిడ్లు లేకున్నా రెండు కైనెటోకోర్ల మధ్య బిగువు ఉంటే చాలు, ద్విధ్రువ బంధం ఏర్పడుతుందని నిరూపించింది. 1969లో సూదితో చెప్పిన విషయమే ఇక్కడ జన్యుశాస్త్ర పద్ధతిలో రుజువయింది.

క్షీరద కణాలకు ఇదే వర్తిస్తుందా? 2003లో వియన్నాలో యాన్-మైఖేల్ పీటర్స్ బృందం హెస్పరాడిన్ అనే నిరోధకాన్నీ, మాంచెస్టర్‌లో స్టీఫెన్ టేలర్ బృందం మరొక నిరోధకాన్నీ వాడి ఆరోరాను అడ్డుకొన్నప్పుడు క్రోమోజోముల అమరిక చెడుతుందని తెలియజేశాయి. హెస్పరాడిన్ ఉన్న కణాలలో ఏకధ్రువ బంధాలు సవరణ పొందకుండా పేరుకుపోయాయి. 2004లో మైఖేల్ లాంప్సన్, తరుణ్ కపూర్ తదితరులు తొలగించగల నిరోధకాలతో ముందుగా తప్పు బంధాలను పోగుచేసి, తరువాత నిరోధకాన్ని కడిగివేశారు. ఆరోరా తిరిగి పనిలోకి రాగానే తప్పుగా అతుక్కొన్న సూక్ష్మనాళికలు కురచబారి, క్రోమోజోములు ధ్రువం వైపు జరిగి, అక్కడి నుంచి సరైన బంధంతో నడిమికి చేరాయి. సవరణ జరిగే తీరు సజీవ కణంలో కళ్ళ ముందే నడిచింది.

7. పట్టు సడలే చోటు (2002-2010):

కైనేజ్ తెలిసింది. అది ఏ ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ చేర్చి పట్టు సడలిస్తుందన్నది తరువాతి ప్రశ్న. 2002లో ఇయాన్ చీజ్‌మన్, జార్జియానా బార్న్స్, డేవిడ్ డ్రూబిన్ తదితరులు ఈస్ట్‌లో ‘డామ్-1’ సముదాయం ప్రధాన లక్ష్యమని సూచించారు. 2006లో రెండు అధ్యయనాలు దృష్టిని ‘ఎన్‌డీసీ-80’ అనే ప్రోటీన్ మీదికి మళ్ళించాయి. చీజ్‌మన్, అర్షద్ దేశాయ్ బృందం సూక్ష్మనాళికను పట్టుకొనే కీలకస్థానం ఈ ప్రోటీన్‌తో కూడిన సముదాయమేనని చూపింది. జెన్నిఫర్ డెలూకా బృందం ఈ ప్రోటీన్ మానవ రూపానికి చెందిన తోక భాగం పట్టు బిగువును నిర్ణయిస్తుందని తెలిపింది.

ఈ తోక సుమారు 80 అమైనో ఆమ్లాల పొడవు ఉంటుంది. దానిమీద ధనావేశం ఎక్కువ. సూక్ష్మనాళిక ఉపరితలం మీద రుణావేశం ఎక్కువ. అందుచేత రెండూ ఆకర్షించుకొంటాయి. ఫాస్ఫేట్ రుణావేశం కలది. ఆరోరా-బి తోక మీద ఫాస్ఫేట్‌లను చేర్చిన కొద్దీ ధనావేశం తగ్గి ఆకర్షణ బలహీనపడుతుంది. తోకమీద ఇటువంటి స్థానాలు తొమ్మిది దాకా గుర్తించారు. ఫాస్ఫేట్‌లు చేరని విధంగా ఆ స్థానాలను మార్చిన కణాలలో బంధాలు మితిమీరి బిగుసుకొని తప్పులు అలాగే నిలిచిపోయాయి. గట్టి పట్టు ఎల్లవేళలా మేలు కాదని దీని సారాంశం.

చేర్చేది ఉన్నప్పుడు తీసేదీ ఉండాలి. 2010లో లాంప్సన్ బృందం ‘కేఎన్‌ఎల్-1’ అనే కైనెటోకోర్ ప్రోటీన్ పీపీ-1 ఫాస్ఫటేజ్‌ను అక్కడికి రప్పిస్తుందనీ, ఆరోరా-బి ఆ రాకను అడ్డుకొంటుందనీ తెలిపింది. బిగువు లేనప్పుడు ఆరోరా చేతిలో ఉన్న కైనెటోకోర్ బిగువు కలగగానే ఫాస్ఫటేజ్ చేతిలోకి మారుతుంది. 1994లో ఈస్ట్‌లో గుర్తించిన కైనేజ్, ఫాస్ఫటేజ్‌ల వైరం ఇలా కైనెటోకోర్ మీద తన స్థలాన్ని కనుగొంది.

8. తెగని వివాదాలు (2006-2013):

1995 నాటి వివాదం కొంతవరకు సమన్వయం పొందింది. 2006లో బిగిన్స్ బృందం ఐపీఎల్-1 బిగువు లేని బంధాలను విప్పి బంధం లేని కైనెటోకోర్లను సృష్టిస్తుందనీ, తనిఖీ వ్యవస్థ వాటిని చూసి స్పందిస్తుందనీ ప్రతిపాదించింది. ఆ లెక్కన నిక్లస్, రీడర్ ఇద్దరి ప్రయోగాలూ తమ తమ మేరకు సరైనవే. బిగువు లేకపోవడం బంధం లేకపోవడంగా మారి, తరువాత నిరీక్షణకు దారితీస్తుంది.

బిగువును ఆరోరా ఎలా గ్రహిస్తుందన్నది మరింత జటిలమైన ప్రశ్న. 2009లో లాంప్సన్ బృందం, ఉట్రెక్ట్‌లోని సుజాన్ లెన్స్ బృందంతో కలసి ఒక సులభగ్రాహ్యమైన వివరణ ఇచ్చింది. ఆరోరా-బి రెండు కైనెటోకోర్ల నడుమ కూర్చొని ఉంటుంది. బిగువు కలిగినప్పుడు కైనెటోకోర్లు దూరంగా సాగుతాయి, కైనేజ్ లక్ష్యాలు దాని అందుబాటు దాటుతాయి. ఆరోరాను కృత్రిమంగా కైనెటోకోర్‌కు దగ్గరగా నిలిపితే సరైన బంధాలు కూడా నిలకడ పొందలేదు. కాని 2013లో క్రిస్టఫర్ క్యాంప్‌బెల్, దేశాయ్ ఈస్ట్‌లో ఐపీఎల్-1ను ఆ నడిమి స్థానానికి చేర్చే భాగాన్ని తొలగించినా కణాలు క్రోమోజోములను సవ్యంగానే పంచుకొన్నాయని చూపించారు. దూరమే కొలబద్ద అయితే ఇలా జరగకూడదు.

2010లో బుంగో అకియోషి, బిగిన్స్, చార్ల్స్ ఆస్బరీ తదితరులు సియాటిల్‌లో జరిపిన ప్రయోగం మరో కోణం చూపింది. కణం నుంచి వేరుచేసి శుద్ధి చేసిన ఈస్ట్ కైనెటోకోర్లను లేజర్ పట్టకారుతో లాగినప్పుడు, మితమైన బలం వద్ద వాటి పట్టు మరింత సేపు నిలిచింది. బిగువు తనంతట తానే కొంత మేరకు బంధాన్ని స్థిరపరుస్తుంది. అన్నిటికీ ఫాస్ఫేట్ అక్కరలేదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. సరైన బంధమైనా పుట్టుకలో బిగువు లేనిదే. బిగువు లేనివన్నీ విప్పబడితే సరైనది మొదటి క్షణాలను ఎలా గట్టెక్కుతుంది? కైనేజ్, ఫాస్ఫటేజ్‌ల మధ్య సమతౌల్యం, బంధం ఏర్పడే వేగం, విడివడే వేగం కలసి దీనికి సమాధానం ఇస్తాయన్న భావన బలపడుతున్నా తుది మాట ఎవరూ చెప్పలేదు.

మరొక విషయం ప్రస్తావించాలి. 1995లో బిగువుకు స్పందించి కనుమరుగైన 3ఎఫ్3/2 సంకేతాన్ని సృష్టించేది ఆరోరా కాదనీ, పోలో అనే మరొక కైనేజ్ అనీ 2005లో రెండు బృందాలు నిర్ధారించాయి. తొలి ఆధారం చూపించిన దిశ సరైనదే. అది చూపించిన అణువు మాత్రం తరువాత ముఖ్యపాత్ర వహించిన అణువు కాదు.

9. ముగింపు:

ఈ చరిత్ర నుంచి మూడు అంశాలు తేటతెల్లమవుతున్నాయి. మొదటిది, 1969లో వేసిన ప్రశ్న దాని జవాబు కంటే చాలా ముందు పుట్టింది. నిక్లస్ సూదితో గుర్తించిన బిగువుకు రసాయనిక రూపం 1995లో, కైనేజ్ గుర్తింపు 1999-2002లో, అణుస్థాయి వివరణ 2006 తరువాత లభించాయి. రెండవది, ఆ జవాబుకు కావలసిన సాధనాలు క్రోమోజోములతో సంబంధం లేని చోట్ల తయారయ్యాయి. హార్వర్డ్‌లో ఫాస్ఫరస్‌ను కొలిచిన పద్ధతి, సియాటిల్‌లో కండరపు ఎంజైమ్ అధ్యయనం, హ్యూస్టన్‌లో విభజన కణాలకు తయారైన ప్రతిరక్షకం, రొట్టె ఈస్ట్‌లో క్రోమోజోముల లెక్క తప్పించిన జన్యువు ఒక్కచోట చేరేదాకా మిడత కణంలోని ఆ సూదిపోటుకు పూర్తి అర్థం దక్కలేదు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. కణవిభజనలోని కచ్చితత్వం తప్పు జరగకపోవడం వల్ల వచ్చింది కాదు. తప్పు జరుగుతూనే ఉంటుంది. దానిని నిలవనీయకుండా విప్పే ఏర్పాటు ఉండడం వల్ల కచ్చితత్వం వస్తున్నది. ఆ ఏర్పాటు మందగిస్తే పట్టు బిగుసుకొని తప్పులు నిలిచిపోతాయి. అది మితిమీరితే సరైన బంధమూ నిలవదు. కేన్సర్ కణాలను ఎదుర్కొనడానికి ఆరోరా నిరోధకాలను వైద్యపరీక్షలకు తీసుకువచ్చినప్పుడు ఎదురైన సమస్య కూడా ఇదే. విభజించే ప్రతి ఆరోగ్యకరమైన కణానికీ ఈ విప్పే చెయ్యి అవసరం. దానిని ఎక్కడ ఆపాలో, ఎంతవరకు ఆపవచ్చునో తెలుసుకోవాలంటే బిగువును కణం ఏ విధంగా గ్రహిస్తుందన్న, నేటికీ తెగని, ఆ పాత ప్రశ్న వద్దకే తిరిగి రావలసి ఉంటుంది.